చూసినందుకు డబ్బులా?

నిరుడు దసరాకు వారం ముందు తెనాలి నుంచి బాబాయి ఫోన్ చేశాడు. "షాపులో కంప్యూటర్ ఆన్ కావట్లేదమ్మా. మెకానిక్ వచ్చి చూసి బోర్డు పోయిందన్నాడు. కొత్త సిస్టమ్‌కి ముప్పై నాలుగు వేలు అవుతుందంట" అన్నాడు. కాసేపాగి, "మంచివాడేలే పాపం, చూసినందుకు ఏమీ తీసుకోలేదు" అని కూడా అన్నాడు.

ఆ చివరి మాట నన్ను పట్టుకుంది. బాబాయి దాన్ని మంచితనం కింద చెప్పాడు. నాకేమో అసలు తేడా అంతా అక్కడే వచ్చిందనిపించింది. అప్పటి నుంచి దీని గురించే ఆలోచిస్తున్నాను. ఎవరితో మాట్లాడినా చివరికి ఇదే వాదన చేస్తున్నాను. అందుకే ఇక్కడ రాసేస్తున్నాను: పాత కంప్యూటర్లు చెత్తకుప్పలోకి పోవడానికి పెద్ద కారణం వాటి వయసు కాదు. రోగం ఏమిటో కనిపెట్టే పనికి మనం డబ్బులు ఇవ్వం. ఇవ్వం కాబట్టి ఆ పని ఎవరూ చేయరు.

బాబాయిది డీటీపీ షాపు, అంటే కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చి కార్డులు, కరపత్రాలు తయారుచేసే చోటు. ఆ కంప్యూటర్ 2008 చివర్లో కొన్నది. కోర్ 2 డుయో ప్రాసెసర్, జీ31 బోర్డు (మిగతా భాగాలన్నీ తగిలించే మదర్‌బోర్డు, మెకానిక్ పోయిందన్నది దీన్నే), 2 జీబీ డీడీఆర్2 ర్యామ్, విండోస్ ఎక్స్‌పీ, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, అను అనే తెలుగు ఫాంట్లు. డీటీపీ పని తెలిసినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం ఒక్క ముక్క. ఆ హార్డ్ డిస్క్‌లో పదిహేడేళ్ల శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, పెద్దకర్మ కార్డులు, స్కూలు ప్రశ్నపత్రాలు, గుడి ఉత్సవాల కరపత్రాలు ఉన్నాయి. అన్నీ పేజ్‌మేకర్ ఫైళ్లే. అక్షరాలు యూనికోడ్‌లో, అంటే ఏ సిస్టమ్‌లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతిలో లేవు. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, ఏవో గుర్తులు కలగాపులగంగా వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ, మార్చాక ఒత్తులూ దీర్ఘాలూ అన్నీ మళ్లీ కూర్చుని చూసుకోవాలి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. దాని తర్వాత ఇంకో వెర్షన్ రాలేదు. హార్డ్ డిస్క్ తీసి కొత్త బోర్డుకి తగిలిస్తే అయిపోదా అంటారేమో, ఇప్పటి బోర్డుల మీద ఎక్స్‌పీకి డ్రైవర్లు (బోర్డుని నడిపించే ప్రోగ్రాములు) దొరకవు, అది లేవనే లేవదు.

కాబట్టి మెకానిక్ చెప్పిన ముప్పై నాలుగు వేలు కేవలం పెట్టె ధర. దసరా పనులు, ఆ వెనకే కార్తీకమాసం ముహూర్తాల పనులు చేతిలో పెట్టుకుని, యాభై తొమ్మిదేళ్ల వయసులో కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం ఆ లెక్కలో లేదు. బాబాయి గొంతులో ఉన్న టెన్షన్ అది.

మూడు నిమిషాలు

"అతను ఎంతసేపు చూశాడు బాబాయ్?" అని అడిగాను.

"ఎంతసేపేముంది, రెండు మూడు నిమిషాలు. బటన్ నొక్కాడు. వైరు తీసి ఇంకో ప్లగ్గులో పెట్టాడు. పక్క డోర్ తీసి లైటేసి చూశాడు. బోర్డేనన్నాడు."

ఆన్ కావట్లేదు అన్న మాట ఒక్కటే గానీ, దాని కింద కనీసం మూడు వేర్వేరు జబ్బులు ఉంటాయి. ఒకటి, బటన్ నొక్కితే ఫ్యాను కదలదు, లైటు రాదు, చప్పుడుండదు. రెండోది, ఫ్యాను ఒక్క క్షణం తిరిగి టక్కున ఆగిపోతుంది. మూడోది, ఫ్యాన్లన్నీ హాయిగా తిరుగుతూ ఉంటాయి, తెర మీద మాత్రం ఏమీ రాదు. మొదటిదైతే కరెంటు వచ్చే దారి చూడాలి: ప్లగ్గు, వైరు, ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటుని తగ్గించి లోపలి భాగాలకి పంచే డబ్బా), ముందు బటన్. రెండోదైతే ఎక్కడో షార్ట్ అవుతోందని, ఎస్ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతోందని అనుమానించాలి. మూడోదాంట్లో చాలాసార్లు ర్యామే దోషి, ఒక్కోసారి మానిటర్ వైరు. నేను చూసినంతలో ఇళ్లలో జనం మూడింటినీ ఆన్ కావట్లేదు అనే చెబుతారు. అది వాళ్ల తప్పు కాదు. విడదీసి అడగాల్సింది చూడ్డానికి వచ్చినవాడు.

బాబాయిది మొదటి రకం. చప్పుడే లేదు. అప్పుడు ఇంకో ప్రశ్న అడిగాను. "ఒక్కసారిగా ఆగిపోయిందా, ముందు నుంచీ తేడాగా ఉందా?"

"రెండు నెలల నుంచి పొద్దున్నే మొండికేస్తోందమ్మా. స్విచ్ వేసి వెంటనే బటన్ నొక్కితే లేవదు. స్విచ్ వేసి వదిలేసి, నేను దీపం పెట్టుకుని, నీళ్లు చల్లి వచ్చి నొక్కితే లేస్తుంది. ముందు ఐదు నిమిషాలు పట్టేది, తర్వాత పది, పోయినవారం అరగంట పట్టింది."

ఎస్ఎంపీఎస్‌ల గురించి కొద్దిగా తెలిసిన ఎవరికైనా ఈ మాటలు చాలు. సగం రోగం ఇందులోనే ఉంది. "ఇదంతా అతనికి చెప్పావా?" అన్నాను.

"అడగలేదమ్మా."

ఎందుకు ఇది సగం రోగమో చెబుతాను. కంప్యూటర్ ఆపేసినా, గోడ దగ్గర స్విచ్ వేసి ఉన్నంతసేపూ ఎస్ఎంపీఎస్‌లో ఒక చిన్న భాగం మేలుకునే ఉంటుంది. అది బోర్డుకి ఎప్పుడూ 5 వోల్టులు పంపిస్తూ ఉంటుంది. స్టాండ్‌బై అంటారు. మనం బటన్ నొక్కినప్పుడు, లేవమన్న కబురు ఎస్ఎంపీఎస్‌కి అందేది ఈ 5 వోల్టుల పుణ్యానే. ఆ భాగంలో వేలెడంత ఉండే కెపాసిటర్లు (కరెంటుని కాసేపు నిలవ ఉంచే ముక్కలు) వేడికి లోపల ఎండిపోతూ వస్తాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక మోటు లెక్క ఉంది. తెనాలి ఎండలు, రేకుల కప్పు, ఫ్యాను నిండా కాగితాల దుమ్ము. దానికి తోడు బాబాయి రాత్రిపూట షట్‌డౌన్ చేసి వెళ్లిపోయేవాడు, గోడ దగ్గర స్విచ్ ఆపేవాడు కాదు. అంటే ఆ చిన్న భాగం రాత్రింబవళ్లు పనిచేస్తూనే ఉండేది. ఈమధ్యే ఎవరో చెబితే రాత్రి స్విచ్ కూడా ఆపడం మొదలుపెట్టాడట. అప్పటి నుంచే పొద్దున్నే మొండికేయడం బయటపడింది. ఎండిపోతున్న కెపాసిటర్ చల్లగా ఉన్నప్పుడు అసలు పనిచేయదు, కాసేపు కరెంటు తగిలి వెచ్చబడితే అంతోఇంతో పనిచేస్తుంది. బాబాయి దీపం పెట్టుకునే పది నిమిషాల్లో జరుగుతున్నది అదే.

కెపాసిటర్లు ఇలా దెబ్బతీయడం కొత్తేమీ కాదు. 2000 తర్వాత కొన్నేళ్లపాటు ప్రపంచమంతా లోపమున్న కెపాసిటర్లతో బోర్డులు వచ్చి, పైభాగం ఉబ్బి, కారి, లక్షల కంప్యూటర్లు ఆగిపోయాయి. డెల్ లాంటి పెద్ద కంపెనీయే 2005లో ఆ రిపేర్ల కోసం 30 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. అంటే ఈ జబ్బు మెకానిక్‌లందరూ ఏదో ఒకరోజు చూసినదే. తెనాలి అతనికి తెలియదని నేను అనుకోను. ఆ మూడు నిమిషాల్లో అది తెలిసే అవకాశం లేదంతే.

ఆదివారం పని

శనివారం సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీలో ఒక ఎస్ఎంపీఎస్ కొని సంచిలో పెట్టుకుని, రాత్రి రైలెక్కాను. ఎనిమిది వందల యాభై. ఫోన్‌లో విన్నదాన్ని నమ్మి కొన్నాను. తప్పయినా వెనక్కి తీసుకుంటానని షాపతను మాటిచ్చాడు.

వెళ్లగానే ఎస్ఎంపీఎస్ మార్చేయలేదు. విన్నది విన్నదే, కళ్లతో చూడాల్సింది చూడాలి. ముందు గోడ ప్లగ్గు. మామూలుగా అందరూ ఫోన్ చార్జర్ పెట్టి చూసి కరెంటు ఉందంటారు. చార్జర్ చాలా కొద్ది కరెంటుతో నడుస్తుంది, ప్లగ్గు లోపల వదులుగా ఉన్నా తెలియదు. అందుకని టేబుల్ ఫ్యాను తగిలించి చూశాను. బాగానే తిరిగింది. తర్వాత కంప్యూటర్ వైరు తీసి, మానిటర్‌కి ఉన్న వైరు దీనికి పెట్టాను. తేడా లేదు. వెనక ఇంటర్నెట్ వైరు పెట్టే చోట చిన్న లైటు ఉంటుంది. కంప్యూటర్ ఆపి ఉన్నా, కరెంటు అందుతుంటే చాలా బోర్డుల్లో అది వెలుగుతుంది. ఇక్కడ వెలగలేదు.

డోర్ తీశాను. బోర్డుకి వచ్చే 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌లో వంకాయ రంగు వైరు ఒకటే ఉంటుంది. స్టాండ్‌బై 5 వోల్టులు వచ్చేది దాంట్లోనే. వోల్టులు కొలిచే మల్టీమీటర్ నల్ల ముల్లు నల్ల వైరు దగ్గర, ఎర్ర ముల్లు వంకాయ రంగు వైరు దగ్గర పెట్టాను. 4.75కీ 5.25కీ మధ్య ఉండాలి. 3.6 చూపించింది, అది కూడా నిలకడగా లేదు.

కనెక్టర్ ఊడదీసి, స్విచ్ ఆపి, పేపర్ క్లిప్పు వంచి ఆకుపచ్చ వైరుకీ నల్ల వైరుకీ కలిపాను. ఎస్ఎంపీఎస్ కరెంటు ఇవ్వడానికి ఏదో ఒకటి ఉండాలని పాత డీవీడీ డ్రైవ్ ఒకటి తగిలించాను. ఏ మెకానిక్ అయినా చేసే పరీక్షే ఇది. బోర్డుతో పని లేకుండా ఎస్ఎంపీఎస్ ఒక్కటే లేస్తుందో లేదో తెలుస్తుంది. స్విచ్ వేశాను. ఫ్యాను ఉలిక్కిపడ్డట్టు అరచుట్టు తిరిగి ఆగింది. అలాగే వదిలేసి, పిన్ని ఇచ్చిన కాఫీ తాగి, ఇరవై నిమిషాల తర్వాత మళ్లీ చేశాను. ఫ్యాను తిరిగింది.

ఈ రెండో ఫలితం దగ్గర కాస్త ఆగాలి. ఎస్ఎంపీఎస్ వెచ్చగా ఉన్నప్పుడు ఎవరైనా వచ్చి క్లిప్పు పెట్టి చూస్తే, ఫ్యాను తిరిగింది కాబట్టి ఎస్ఎంపీఎస్ బాగానే ఉందని, తప్పు బోర్డుదేనని చెప్పేసేవాడు. పరీక్ష సరైనదే, చేసిన వేళ తప్పు. పొద్దున్నే మొండికేస్తుందన్న మాట తెలియకపోతే, చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వెచ్చబడ్డాక ఒకసారి చూడాలని ఎవరికి తోస్తుంది?

కొత్త ఎస్ఎంపీఎస్ పెట్టాక ఫ్యాన్లు తిరిగాయి, తెర మీద ఏమీ రాలేదు. పొడవాటి కూత మళ్లీ మళ్లీ వచ్చింది. బాబాయి మొహం వాడిపోయింది. "బోర్డేనేమోనమ్మా" అన్నాడు. ర్యామ్ తీసి, బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, గుడ్డతో తుడిచి, మళ్లీ రెండు వైపులా క్లిప్పులు టక్‌మనేదాకా నొక్కాను. తెర వెలిగింది. గడియారం ఎప్పటిదో తేదీ చూపించి ఎఫ్1 నొక్కమంది. బోర్డు మీది నాణెం లాంటి సెల్ మూడు వోల్టులు ఉండాల్సింది రెండున్నరకి పడిపోయింది. ముప్పై రూపాయలు పెట్టి పక్కనే వాచీల షాపులో తెచ్చాం. పదకొండున్నరకి పేజ్‌మేకర్ తెరుచుకుంది.

అంతా కలిపి దాదాపు మూడు గంటలు. సామాన్లు ఎనిమిది వందల ఎనభై. బాబాయి లోపలికి వెళ్లి సరిగ్గా ఎనిమిది వందల ఎనభై తెచ్చి చేతిలో పెట్టాడు. నేను అన్న కూతుర్ని, మూడు గంటలకి లెక్క కట్టడం మా ఇద్దరికీ రాదు. కానీ లెక్క అంటే సామాను లెక్కే అన్నది ఎంత సహజంగా మన చేతుల్లో ఉందో ఆ క్షణంలో కనిపించింది.

సీటీసీలో విన్న మాట

పాత ఎస్ఎంపీఎస్ హైదరాబాద్ తెచ్చాను. రెండు రోజులు కదపకుండా పక్కన పెట్టి, తర్వాత తెరిచాను. ఇది అందరూ చేయాల్సిన పని కాదు. లోపల పెద్ద కెపాసిటర్లలో మూడు వందల వోల్టుల పైనే నిలవ ఉంటుంది, ప్లగ్గు తీసేశాక కూడా కొంతసేపు. ఎలా ఖాళీ చేయాలో తెలియనివాళ్లు ఆ నాలుగు స్క్రూలు తీయకండి, దయచేసి. స్టాండ్‌బై వైపు ఒక చిన్న కెపాసిటర్ తల ఉబ్బి ఉంది. కోఠి గుజరాతీ గల్లీలో అలాంటిది పది రూపాయలు. మార్చాక వంకాయ రంగు వైరులో 5.05 వచ్చింది.

పది రూపాయల వస్తువు. ముప్పై నాలుగు వేల మాట.

సీటీసీలో నాకు ఎస్ఎంపీఎస్ అమ్మినతనికి ఇది చెప్పాను. ఆశ్చర్యపోతాడనుకున్నాను. పోలేదు. "మేడమ్, నేనూ ఒకప్పుడు కెపాసిటర్లు మార్చేవాణ్ని. గంటసేపు కూర్చుని పది రూపాయల ముక్క మార్చి, మూడొందలు ఇవ్వమంటే గొడవ. పది రూపాయలదానికి మూడొందలా అంటారు. అదే ఎస్ఎంపీఎస్ మొత్తం మార్చి పన్నెండొందలు అంటే ఒక్కరూ మాట్లాడరు, చేతిలో కొత్త డబ్బా కనబడుతుంది కదా. ఇక నేను ఏం చేయాలో మీరే చెప్పండి" అన్నాడు.

నాకు చెప్పడానికేమీ దొరకలేదు. ఎందుకంటే చాలా ఏళ్ల కిందట నేనూ ఒక షాపులో అదే మాట అన్నాను. ల్యాప్‌టాప్ ర్యామ్ తీసి తుడిచి పెట్టి రెండు వందలు అడిగాడు. "తుడిచినందుకు రెండొందలా?" అన్నాను. వంద ఇచ్చి వచ్చాను. తుడవాల్సింది ర్యామే అని కనుక్కున్నందుకు అతను అడిగాడని ఇప్పుడు తెలుస్తోంది.

ఈ ఏర్పాటులో మెకానిక్‌కి ఏది లాభమో చూడండి. చూడటం ఉచితం, సామాను మీద మాత్రమే సంపాదన. అలాంటప్పుడు ఎంత తక్కువసేపు చూస్తే, ఎంత పెద్ద సామాను చెబితే అతని ఇల్లు అంత గడుస్తుంది. దీనికి అతను మోసగాడు కానక్కర్లేదు. నిజాయతీపరుణ్ని కూడా మెల్లగా అటువైపే తోసే ఏర్పాటు ఇది. ఆ తోసేది మనం, మన బేరం.

నేను వినని రోజు

మెకానిక్‌ల మీదే చెబితే న్యాయం కాదు. మూడేళ్ల కిందట మా అపార్ట్‌మెంట్‌లో పక్కింటాయన తన డెస్క్‌టాప్ చూడమన్నారు. ఫ్యాను ఒక్క క్షణం తిరిగి ఆగిపోతోంది. నేను డబ్బులు తీసుకోను కాబట్టి నాకు తొందరపడాల్సిన అవసరం లేదు. అయినా తొందరపడ్డాను. ఎస్ఎంపీఎస్ పోయిందన్నాను. ఆయన తొమ్మిది వందలు పెట్టి కొత్తది తెచ్చారు. పెట్టాం. అదే తీరు, ఒక్క క్షణం తిరిగి ఆగింది.

ఆయన మొదటిరోజే ఒక మాట చెప్పారు. "మా వాడు పెన్‌డ్రైవ్ ముందువైపు బలవంతంగా దూర్చాడు, అప్పట్నుంచే ఇలా." నేను తలూపి పక్కన పెట్టేశాను. రెండో వారం అన్నీ ఒక్కొక్కటే పీకుతూ వస్తే, ముందు యూఎస్‌బీ వైరు పీకగానే సిస్టమ్ లేచింది. ఆ రంధ్రంలో ఒక పిన్ను వంగి పక్కదానికి తగులుతోంది. షార్ట్. సూదితో సరిచేస్తే పోయేది. ఆయన తొమ్మిది వందలు నా వల్ల పోయాయి. ఆయన ఏమీ అనలేదు, నాకు మాత్రం ఇప్పటికీ బాధే.

దీన్ని నా వాదనకి ఎదురుగా పెట్టి చూసుకున్నాను. డబ్బులు ఇస్తే చాలు, బాగా చూస్తారని ఏమీ లేదు. డబ్బుతో సంబంధం లేని నేనే సరిగా చూడలేదు. వినడం ఒక అలవాటు. అది నేర్చుకోవాలి. కానీ నేను ఆ తప్పు నుంచి నేర్చుకోగలిగాను, ఎందుకంటే మళ్లీ వెళ్లి రెండో వారం కూర్చునే తీరిక నాకుంది. రోజుకి పదిళ్లు తిరిగి సామాను కమీషన్ మీద బతికేవాడికి ఆ రెండో వారం ఎవరిస్తారు? తన మొదటి మాట తప్పని కూడా అతనికి తెలియదు. బాబాయి కొత్త సిస్టమ్ కొనేసి ఉంటే, ఆ బోర్డు బతికే ఉందన్న సంగతి ఎప్పటికీ బయటికి వచ్చేది కాదు. అతను నిండు నమ్మకంతో ఇంకో ఇంట్లో కూడా బోర్డు పోయిందనేవాడు.

పారేయడమే మంచిదంటే

ఈ గొడవంతా ఎందుకు, పదిహేడేళ్ల డబ్బా పారేస్తే పోలా అని మా ఆయన అన్నాడు. కొట్టిపారేసే మాట కాదు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది. దాన్ని ఇంటర్నెట్‌కి తగిలించడం ప్రమాదం, అందుకే ఆదివారం నేను వచ్చేముందు ఆ వైరు పీకి అటక మీద పెట్టేశాను. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వస్తాయి, పోతాయి. ఆ డబ్బా కరెంటు కూడా ఇప్పటి చిన్న కంప్యూటర్ల కంటే చాలా ఎక్కువే తాగుతుంది. ఏదో ఒకరోజు బోర్డు నిజంగానే పోతుంది, డీడీఆర్2 ర్యామ్ సెకండ్ హ్యాండ్‌లో కూడా దొరకడం కష్టమవుతుంది.

వీటన్నిటికీ ఒప్పుకుంటాను. 2025 అక్టోబరు 14న విండోస్ 10 మద్దతు కూడా ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కని మంచి మంచి మిషన్లు ఎన్నో ఇప్పుడు పాతవాటి జాబితాలో చేరిపోయాయి. అవన్నీ కలకాలం వాడాలని నేను అనడం లేదు. మార్చాలా వద్దా అన్నది తేల్చుకోవాల్సింది దాని యజమాని, తీరిగ్గా, తన పనులూ డబ్బూ చూసుకుని. బాబాయి విషయంలో ఆ నిర్ణయం ఉబ్బిన కెపాసిటర్ ఒకటి, మూడు నిమిషాల పరీక్ష ఒకటి కలిసి చేసేశాయి. అదీ దసరా ముందు వారం. ఇప్పుడు ఆయనకి టైముంది. పాత ఫైళ్లలో పనికొచ్చేవి నెలకి కొన్ని చొప్పున యూనికోడ్‌లోకి మార్పించుకుంటున్నాడు. వచ్చే ఏడాది కొత్తది కొంటాడేమో. కొననీ.

రిపేరు హక్కు గురించి కూడా ఒక మాట. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో కమిటీ వేసింది, అదే డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. కంపెనీలు మాన్యువళ్లు, విడిభాగాల వివరాలు బయటపెట్టాలన్నది అందులో ముఖ్యం. మంచి పని, కావాల్సిందే. అయితే బాబాయి ఎస్ఎంపీఎస్ విషయంలో ఏ కంపెనీ ఏదీ దాచలేదు. వైర్ల రంగులు, వోల్టులు అన్నీ అందరికీ తెలిసిన ప్రమాణం. ఎనిమిది వందల యాభైకి ఏ ఊళ్లోనైనా కొత్తది దొరుకుతుంది. కరువైనది ఒక మనిషి గంట సమయం. దానికి ధర కట్టి, ఆ ధర ఇవ్వాల్సింది మనమే.

నేను చెప్పేది చాలా చిన్న మార్పు. షాపులో గోడ మీద రాసి పెట్టాలి: చూడటానికి ఇంత. రిపేరు చేయించినా చేయించకపోయినా అంతే. ఆ డబ్బుకి బదులుగా ఏం చూశాడో, ఎంత వోల్టు వచ్చిందో కాగితం మీద రాసివ్వాలి. రాయాల్సి వస్తే మూడు నిమిషాల్లో బోర్డు పోయిందనడం కష్టం. డాక్టర్ దగ్గర ఫీజు ఇచ్చి, మందు అక్కర్లేదు తగ్గిపోతుంది అంటే సంతోషంగా బయటికొస్తాం. టీవీకి, మిక్సీకి, కంప్యూటర్‌కి వచ్చేసరికి మందు చేతికిస్తేనే ఫీజు అన్నట్టు ఉంటాం.

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. మూడొందలు పుచ్చుకుని కూడా సరిగా చూడకపోతే? చూడకపోవచ్చు. అప్పుడు ఆ షాపుకి మళ్లీ వెళ్లం. ఇప్పుడైతే సరిగా చూసేవాడికీ చూడనివాడికీ మధ్య తేడా కనిపెట్టే దారే లేదు, ఇద్దరూ ఉచితమే కాబట్టి. ఇంకో అభ్యంతరం నాకే బరువుగా అనిపిస్తుంది. మూడొందలు కూడా భారమయ్యేవాళ్లున్నారు. ఒక టైలరమ్మ, ఒక డిగ్రీ చదివే పిల్లవాడు సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ ఐదు వేలకి కొనుక్కున్నప్పుడు, చూడటానికే మూడొందలంటే వాళ్లు అసలు షాపు గడప తొక్కరు. దీనికి నా దగ్గర సరైన జవాబు లేదు. పాలిటెక్నిక్ పిల్లలు నెలకో ఆదివారం ఉచితంగా చూసిపెట్టే ఏర్పాటు కాలేజీలు చేయొచ్చు కదా అనిపిస్తుంది. వాళ్లకీ చేతికి పని వస్తుంది. అంతకు మించి తోచలేదు.

బాబాయితో ఈ మాటలన్నీ అన్నాను, దీపావళికి వెళ్లినప్పుడు. షాపులో ఎవరో శుభలేఖకి వచ్చి ఉన్నారు. రెండు వందల కార్డులు. నాలుగు సార్లు ముహూర్తం కింద వరస మార్పించారు, పెళ్లికొడుకు తాతగారి ఇంటిపేరు మార్పించారు, వినాయకుడి బొమ్మ మూడు రకాలు పెట్టించి మొదటిదే ఉంచమన్నారు. గంటన్నర. వాళ్లు వెళ్లాక బాబాయి అన్నాడు, "కార్డుకి పదిహేను అంటే ఒప్పుకుంటారమ్మా. కంపోజింగ్‌కి రెండొందలు విడిగా వేస్తే, టైపు కొట్టినందుక్కూడానా అంటారు. అందుకని కార్డు ధరలోనే కలిపేస్తాను."

నేనేమీ అనలేదు. ఆయనే కొంతసేపు తెర వైపు చూస్తూ కూర్చుని, "ఆ మెకానిక్ కుర్రాడికి ఆరోజు టీ కూడా పోయలేదు" అన్నాడు.

పోయిన నెల మళ్లీ ఫోన్ చేశాడు. పక్కనున్న ఫోటో స్టూడియోలో కంప్యూటర్ ఆగిపోయిందట, అదే కుర్రాణ్ని పిలిపించారట. బాబాయి తన షాపు వదిలిపెట్టి వెళ్లి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "తొందరేం లేదబ్బాయ్, గంట పట్టినా సరే, మూడొందలు ఇప్పిస్తాను, నిదానంగా చూడు అని చెప్పాను. స్విచ్ వేసి పది నిమిషాలు ఉంచితే లేస్తుందా అని వాళ్లని నేనే అడిగాను. లేవట్లేదంట. ఇంకేం అడగాలమ్మా?"

"ఫ్యాను ఒక్క క్షణమైనా కదులుతోందా అడుగు బాబాయ్" అన్నాను.

"ఉండు" అని ఫోన్ పక్కన పెట్టాడు. అవతల ఎవరో బటన్ నొక్కిన చప్పుడు వినిపించింది.